స్థానిక మత్తుమందును జాగ్రత్తగా వాడడం – మూడవ పాఠం: ట్యూబు మీది శాతాన్ని మిల్లీగ్రాములలోకి మార్చడం

గత పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. ఒక ట్యూబు మీద లిడోకైన్ అనీ, మరొక ట్యూబు మీద లిగ్నోకైన్ అనీ ఉంటే, ఆ రెండింటినీ ఒకదాని తరువాత ఒకటిగా ఒకే చోట రాయవచ్చా అన్నది ఆ ప్రశ్న. రాయకూడదు. అవి రెండూ ఒకే స్థానిక మత్తుమందుకు, అంటే వాడిన చోటును మాత్రమే మొద్దుబార్చే మందుకు, ఉన్న పేర్లు. 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ తయారు చేసిన ఈ పదార్థానికి కొన్ని దేశాలలో ఒక పేరు, మరికొన్ని దేశాలలో ఇంకొక పేరు స్థిరపడ్డాయి. జైలోకైన్ అన్నది దాని వ్యాపార నామం. పేరు వేరు కాబట్టి మందు కూడా వేరే అనుకుని రెండూ రాసుకున్నవారు తెలియకుండానే మోతాదును రెట్టింపు చేసుకుంటారు.

పేర్ల ప్రస్తావన వచ్చింది గనుక తెలుగు లిపి మనకు చేసే ఒక చిన్న ఉపకారాన్ని కూడా చెబుతాను. ఈ మందులలో రసాయన నిర్మాణాన్ని బట్టి అమైడ్లు, ఎస్టర్లు అని రెండు కుటుంబాలు ఉన్నాయి. లిడోకైన్, ప్రిలోకైన్, బుపివకైన్, రోపివకైన్ అన్న పేర్లలో ‘కైన్’కు ముందు ఏదో ఒక అక్షరానికి గుడి ఉంటుంది, ఇవి అమైడ్లు. ప్రొకైన్, బెంజొకైన్, టెట్రకైన్ అన్న పేర్లలో గుడి కనిపించదు, ఇవి ఎస్టర్లు. ఒక ఎస్టరు పడనివారికి ఆ కుటుంబంలోని మిగిలిన మందులు కూడా పడకపోవచ్చు కాబట్టి ఈ తేడాను గుర్తు పెట్టుకోవడం మంచిది.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఒక శాతం అంటే 100 గ్రాముల లేపనంలో 1 గ్రాము, అంటే 1000 మిల్లీగ్రాముల మందు ఉందని అర్థం. దానిని 100తో భాగిస్తే ఒక గ్రాము లేపనంలో 10 మిల్లీగ్రాములు వస్తాయి. కాబట్టి శాతాన్ని పదితో గుణిస్తే చాలు: 2 శాతం అయితే గ్రాముకు 20, 4 శాతం అయితే 40, 5 శాతం అయితే 50 మిల్లీగ్రాములు. ద్రవాలకూ ఇదే సూత్రం. అక్కడ గ్రాముకు బదులు మిల్లీలీటరు వస్తుంది. లిడోకైన్, ప్రిలోకైన్ 2.5 శాతం చొప్పున కలిసిన లేపనంలో గ్రాముకు 25, 25 కలిపి 50 మిల్లీగ్రాములు ఉంటాయి. రెండూ వేరువేరు మందులే అయినా వాటి విషప్రభావం ఒకదానికొకటి తోడవుతుంది కాబట్టి వాటిని కలిపే లెక్కించాలి.

లేపనం ఎన్ని గ్రాములు తీశామో ఇంట్లో తూచడం ఎలా అని మీకు సందేహం కలగవచ్చు. పెద్దవారి చూపుడు వేలి చివరి గీత నుంచి కొస వరకు ఒక వరుసగా పిండిన లేపనం సుమారు అర గ్రాము ఉంటుంది. దీనిని వేలికొస కొలత అందాం. పలుచగా పూస్తే అది రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. 4 శాతం లేపనం ఒక వేలికొస తీస్తే అందులో 20 మిల్లీగ్రాముల మందు ఉన్నట్టు.

ఇంత చిన్న అంకెలకు భయమెందుకని అనిపించవచ్చు. రాసే మేర పెరిగినప్పుడు ఏమవుతుందో చూడండి. వేళ్లతో సహా ఒక అరచేయి ఒంటి మీది చర్మంలో సుమారు 1 శాతం. రెండు కాళ్లూ కలిపితే సుమారు 36 శాతం. అంటే 18 వేలికొసలు, 9 గ్రాములు. లేపనం 10 శాతానిదైతే అది 900 మిల్లీగ్రాములు. అడ్రినలిన్ కలపని లిడోకైన్ ఇంజెక్షనుకు పెద్దవారిలో సాధారణంగా పాటించే గరిష్ఠ పరిమితి కిలో బరువుకు 4.5 మిల్లీగ్రాములు, మొత్తం మీద 300 మిల్లీగ్రాములు. చెక్కుచెదరని చర్మం గుండా కొద్ది భాగమే లోపలికి దిగుతుంది కనుక ఈ రెండు అంకెలను నేరుగా పోల్చకూడదు. అయినా ఆ ‘కొద్ది భాగం’ ఎప్పుడూ ఒకేలా ఉండదన్నదే ఈ పాఠంలో అసలు విషయం.

లేపనాన్ని ప్లాస్టిక్ కాగితంతో చుట్టినా, దాని మీద వేడి కాపడం పెట్టినా, గీరుకుపోయిన లేదా దద్దుర్లున్న చర్మం మీద రాసినా మందు రక్తంలోకి చేరే వేగం బాగా పెరుగుతుంది. లేజరుతో వెంట్రుకలు తొలగించుకోవడానికి ముందు కాళ్లకు గాఢమైన మత్తు లేపనం రాసుకుని ప్లాస్టిక్ చుట్టుకున్న ఇద్దరు యువతులు మూర్ఛ వచ్చి, కోమాలోకి వెళ్లి మరణించిన సంగతిని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లో హెచ్చరికగా ప్రకటించింది. వైద్యులు కూడా కొన్ని లేపనాలను కప్పి ఉంచుతారు. అయితే వారు చిన్న మేరను ఎంచుకుని, గ్రాములను, గంటలను నిర్ణయించి ఆ పని చేస్తారు.

మొద్దుబారడాన్ని మోతాదుకు కొలబద్దగా తీసుకోవడం మరొక పొరపాటు. చర్మపు పై పొరను దాటి నరాల కొసలను చేరడానికి కొన్ని లేపనాలకు గంట వరకు పడుతుంది. ఈలోగా పని చేయలేదనుకుని మళ్లీ రాస్తే రెండు పూతలూ లోపల కలుస్తాయి. చీము పట్టిన చోట ఆమ్లగుణం ఎక్కువగా ఉండడం వల్ల ఈ మందు సరిగా పని చేయదు. అక్కడ ఎంత రాసినా నొప్పి తగ్గదు సరికదా, ముప్పు మాత్రం పెరుగుతుంది.

చర్మానికి అంటించుకునే 5 శాతం లిడోకైన్ పట్టీలలో ఒక్కొక్కదానిలో 700 మిల్లీగ్రాములు ఉంటాయి. పెద్దవారు ఒకేసారి మూడుకు మించకుండా, 24 గంటలలో 12 గంటలు మాత్రమే వీటిని ఉంచుకోవాలని తయారీదారుల సూచన. వాడి తీసేసిన పట్టీలో కూడా ఇంకా 665 మిల్లీగ్రాములకు తగ్గకుండా మందు మిగిలి ఉంటుంది. అందుకే జిగురు వైపు లోపలికి మడిచి, పసిపిల్లలకు, పెంపుడు జంతువులకు అందని చోట పారవేయాలి.

మోతాదు మించితే మొదట పెదవుల చుట్టూ తిమ్మిరి, నోటిలో లోహపు రుచి, చెవుల్లో హోరు, తల తిరగడం, చూపు మసకబారడం కనిపించవచ్చు. తరువాత కండరాలు అదిరి మూర్ఛ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. కాలికి రాసుకున్నవారికి పెదవులు మొద్దుబారుతున్నాయంటే మందు రక్తంలో తిరుగుతున్నట్టే. వెంటనే లేపనాన్ని తుడిచి కడిగి, పట్టీ ఉంటే తీసేసి, అత్యవసర వైద్య సహాయాన్ని పిలవాలి. ట్యూబును వెంట తీసుకువెళ్లాలి. ఆసుపత్రిలో దీనికి 20 శాతం కొవ్వు ద్రావణాన్ని రక్తనాళం ద్వారా ఎక్కించే చికిత్స ఉంది. ఇక బెంజొకైన్, ప్రిలోకైన్ వాడిన తరువాత పెదవులు, గోళ్లు నీలంగా మారితే రక్తం ప్రాణవాయువును మోయలేకపోతున్నదని అనుమానించి అదే తొందర చూపాలి. దంతాలు వచ్చే పసివారి చిగుళ్లకు బెంజొకైన్ గానీ లిడోకైన్ గానీ రాయకూడదు.

అభ్యాసం: లిడోకైన్, ప్రిలోకైన్ 2.5 శాతం చొప్పున కలిసిన లేపనాన్ని ఒకరు రెండు వేలికొసలు రాసుకున్నారు. అప్పటికే ఆయన వీపు మీద ఒక లిడోకైన్ పట్టీ ఉంది. లేపనంలోని మందు మొత్తం ఎన్ని మిల్లీగ్రాములో లెక్కించండి. ఆ పట్టీ గురించి ఆయన వైద్యునికి ఏమేమి చెప్పాలో రెండు వాక్యాలలో రాయండి. జవాబు నాలుగవ పాఠంలో ఉంటుంది. నోటిలో, గొంతులో వాడే జెల్లులు, స్ప్రేలు ఆ పాఠంలోని విషయం.