పిల్లలు తామే పుస్తకం అడిగేలా లైబ్రరీ పీరియడ్ నడపడం ఎలా?

ముందుగా బీరువా తాళం తీయండి. మన ఉన్నత పాఠశాలల్లో చాలాచోట్ల కొరత పుస్తకాలకు కాదు. ఒక్కటి పోయినా స్టాకు రిజిస్టరుకు జవాబు చెప్పుకోవాలన్న భయంతో అవి లోపలే ఉండిపోతున్నాయి. కథల పుస్తకాలను బయటికి తీసి, తరగతి గోడకు పిల్లల చేతికి అందే ఎత్తులో నైలాన్ తాడు కట్టి, అట్టలు కనిపించేలా బట్టల క్లిప్పులతో తగిలించండి. 40 మంది ఉన్న తరగతికి 60 పుస్తకాలు చాలు. చాలకపోతే సికింద్రాబాదులోని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ, నేషనల్ బుక్ ట్రస్ట్ వేసే పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్ నుంచి తెలుగు కథలను ఉచితంగా దించుకుని ముద్రించుకోవచ్చు.

వారానికి రెండు పీరియడ్లు, అవి కూడా మధ్యాహ్న భోజనం తరువాతివే, టైంటేబుల్‌లో రాయించుకోండి. శనివారం చివరి పీరియడ్‌కు ఒప్పుకోవద్దు. సిలబస్ పూర్తికాని సబ్జెక్టు ఏదో ఒకటి దాన్ని మింగేస్తుంది.

ఇక అసలు పని, ఎక్కువ మంది చెడగొట్టేది, చదివి వినిపించడం. పుస్తకాలు పంచిపెట్టి "నిశ్శబ్దంగా చదవండి" అంటే అంతకుముందే చదవడం అలవాటున్న నలుగురు చదువుతారు, మిగిలినవారు పేజీలు తిప్పుతారు. అందుకే పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు ఉపాధ్యాయుడే చదవాలి. ఇంటి దగ్గర రెండుసార్లు గట్టిగా చదువుకోకుండా తరగతికి వెళ్లకూడదు, ఎందుకంటే ఎక్కడ ఆగాలో మొదటిసారి చదివేటప్పుడు తెలియదు. కుర్చీలో కాకుండా చాప మీద పిల్లల మధ్యనే కూర్చోండి. కఠిన పదాలకు అర్థాలు చెబుతూ చదవవద్దు. కథ నడుస్తుంటే సగం అర్థాలు వాటంతట అవే తెలిసిపోతాయి.

కథను ఎట్టి పరిస్థితుల్లోనూ పూర్తి చేయకూడదు. అలాగని మొదటి పేజీలోనే ఆపితే ఎవరికీ ఏమీ పట్టదు. కథలోని మనిషి మీద పిల్లలకు మమకారం కలిగి, అతనికి ఇబ్బంది వచ్చిపడిన చోట, మరో వాక్యం చదవకుండా పుస్తకం మూసి, తాడుకు తగిలించి పక్కకు తప్పుకోవాలి. "తరువాత ఏం జరుగుతుందో చెప్పండి", "ఇందులోని నీతి ఏమిటి" అని అడిగారంటే అంతవరకు పడిన శ్రమ వృథా. ఆ ప్రశ్నతో కథ మళ్లీ పాఠమైపోతుంది. ఒకసారి నేను బావిలో పడిన మేకపిల్ల కోసం తాడు దించే చోట ఆపాను. ఏడో తరగతిలో ఎప్పుడూ వెనక వరుసలో కూర్చునే అబ్బాయి, గంట కొట్టాక అందరూ వెళ్లేదాకా ఆగి, "సార్, తాడు తెగిందా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పకుండా పుస్తకం చేతికిచ్చాను. ఆ సమయంలో జవాబు చెప్పాలని నోటిదాకా వస్తుంది, కానీ చెప్పకూడదు.

పుస్తకాల జారీని ఎనిమిదో తరగతి పిల్లలిద్దరికి అప్పగించండి. నోటుబుక్కులో పేరు, పుస్తకం, తీసుకున్న తేదీ, తిరిగిచ్చిన తేదీ ఉంటే చాలు. చిరిగిన పుస్తకానికి జరిమానా వేయవద్దు, పిల్లల చేతనే బంకతో అతికించండి. పదో తరగతి విద్యార్థి బొమ్మల పుస్తకం తీసుకున్నా వారించకండి. ప్రతి పాఠకుడికీ అతనికి తగిన పుస్తకం దొరకాలని గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే సూత్రంగా చెప్పారు, తగినదేదో తేల్చుకోవలసింది ఆ పాఠకుడే.

ఎక్కువ పుస్తకాలు చదివినవారికి బహుమతులిచ్చే పద్ధతిని నేను ఒప్పుకోను. బహుమతి కోసం చదివే పిల్లలు పలుచటి పుస్తకాలు వెతుక్కుంటారు, నిదానంగా చదివే పిల్లలు మొదటి వారంలోనే వెనక్కి తగ్గుతారు. సారాంశం రాసి తెమ్మనడం అంతకన్నా చేటు. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో వక్తృత్వం, వ్యాసరచన పోటీలకు బదులు, ఉదయం అసెంబ్లీలో రోజుకొక విద్యార్థి తనకు నచ్చిన ఒక్క పేజీని చదివి వినిపిస్తే చాలు. పేజీని తానే ఎంచుకోవాలి, ఎక్కడ ఆపాలో కూడా తానే నిర్ణయించుకోవాలి.

వేసవి సెలవులకు ముందు పుస్తకాలన్నీ వెనక్కి తీసుకుని తాళం వేయడం చాలా బడుల్లో ఆనవాయితీ. పిల్లలకు తీరిక దొరికేది ఆ రోజుల్లోనే కనుక ఆఖరి పనిదినాన ఒక్కొక్కరికి కనీసం ఒక్కటైనా నోటుబుక్కులో రాయించి ఇచ్చి పంపండి. జూన్‌లో బడి తెరిచిన రోజున, రిజిస్టర్ల పని మొదలుపెట్టే ముందే తాడు కట్టి క్లిప్పులు ఉంచండి. వచ్చిన పుస్తకాన్ని వచ్చినట్టు పిల్లలే తగిలిస్తారు.