వరాహస్వామి భూమిని ఎత్తినప్పుడు డైనోసార్లు ఎక్కడున్నాయి? పిల్లలకు జవాబు చెప్పే పద్ధతి

సింహాచలం మెట్లు దిగుతున్నప్పుడు మా మనవడు అడిగిన ప్రశ్న ఇది. చాలామంది పెద్దల్లాగే నేనూ నోటికొచ్చిన జవాబు చెప్పేశాను. మత్స్యమంటే నీటిలో పుట్టిన జీవం, కూర్మమంటే అది నేల మీదికి రావడం, వరాహమంటే క్షీరదం, కాబట్టి దశావతారాలే పరిణామ సిద్ధాంతం అన్నాను. వాడు రెండు మెట్లు దిగి ఆగి, "మరి డైనోసార్ అవతారం ఎందుకు లేదు తాతయ్యా?" అన్నాడు. ఆ పూట నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆ తరువాత చదివి, ఆలోచించి కుదుర్చుకున్న పద్ధతిని, ఇటువంటి ప్రశ్న ఎదురయ్యే తల్లిదండ్రుల కోసం ఇక్కడ రాస్తున్నాను.

మొట్టమొదట ఆ దశావతారాల పోలికను వదిలిపెట్టాలి. అది పురాణకర్తలు చేసిన పోలిక కాదు. 1859లో డార్విన్ గ్రంథం వెలువడిన తరువాత పుట్టినది. భాగవతం ప్రథమ స్కంధంలోని అవతారాల వరుసను తీసి చూస్తే వరాహం రెండవది, మత్స్యం పదవది, కూర్మం పదకొండవది. పైగా పురాణంలో చేప తాబేలుగా మారదు, తాబేలు వరాహంగా మారదు. ఒకే భగవంతుడు ఆయా అవసరాలకు తగిన రూపం ధరిస్తాడు. పరిణామంలోనైతే లక్షల తరాల పాటు ఒక జాతి నుంచి మరొక జాతి చీలుతుంది. ఈ రెండింటినీ ఒకటి చేయబోతే కథకూ అన్యాయం జరుగుతుంది, శాస్త్రానికీ అన్యాయం జరుగుతుంది.

అంకెల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. బ్రహ్మకు ఒక పగలు 432 కోట్ల సంవత్సరాలనీ, భూమి వయసు సుమారు 454 కోట్ల సంవత్సరాలనీ పక్కపక్కన పెట్టి మురిసిపోయేవారు ఎక్కువ. అంత పెద్ద కాలాన్ని ఊహించిన మనసుకు నమస్కరించవలసిందే. అయితే రెండవ అంకె ఉల్కాశిలలలో యురేనియం ఎంత మేరకు సీసంగా మారిందో కొలిచి తేల్చినది. మొదటిది మహాయుగాన్ని, అంటే నాలుగు యుగాల మొత్తాన్ని, వెయ్యితో గుణించగా వచ్చినది. పైగా ఆ లెక్కలోనే కృతయుగం ఒక్కటే 17,28,000 సంవత్సరాలు, అందులోనూ మనుషులున్నారు. మన జాతి శిలాజాలేమో సుమారు 3 లక్షల సంవత్సరాలకు మించి వెనక్కి పోవు. కలిసిన అంకెను పుచ్చుకుని కలవని అంకెను దాచిపెట్టడం పిల్లవాడికి నేర్పవలసిన పని కాదు.

ఇలా అంటే పురాణాలను తక్కువ చేసినట్టవుతుందేమోనని ఇంట్లో పెద్దలు నొచ్చుకోవచ్చు. వారితో వాదానికి దిగకుండా శంకరాచార్యుల గీతాభాష్యాన్ని గుర్తుచేయడం నా అనుభవంలో బాగా పనిచేసింది. పద్దెనిమిదవ అధ్యాయంలో, "సర్వధర్మాన్ పరిత్యజ్య" అన్న శ్లోకం దగ్గర, నిప్పు చల్లనిదని వంద శ్రుతులు, అంటే వేదవాక్యాలు, చెప్పినా అవి ప్రమాణం కాజాలవని ఆయన స్పష్టంగా అన్నారు. కంటితో చూసి, లెక్కగట్టి తెలుసుకోగలిగిన దానికి ప్రత్యక్షానుమానాలే ఆధారం; వాటికి అందని విషయానికే శ్రుతి ప్రమాణం. రాయి వయసు మొదటి కోవలోకి వస్తుంది.

ఆ తరువాత పిల్లవాడికి ఏదైనా చూపించాలి. విశాఖలో కైలాసగిరి మీద తవ్వితే డైనోసార్ ఎముకలు దొరుకుతాయని వాడు ఆశపడవచ్చు; దొరకవు. ఈ కొండల్లోని ఖోండలైట్ రాయి భూగర్భంలో విపరీతమైన వేడికీ ఒత్తిడికీ లోనై తయారైనది, డైనోసార్లకు ఎంతో ముందుది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు అందుకు విరుద్ధంగా వాటికి చాలా తరువాతివి. అసలు అస్థిపంజరమే కావాలంటే ప్రాణహిత-గోదావరి లోయలో దొరికిన కోటసారస్ అనే డైనోసార్‌ను హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో చూపించవచ్చు.

అంత దూరం పోనవసరం లేకుండా, పూజామందిరంలో సాలగ్రామం ఉంటే అదే చాలు. నిత్యారాధన జరిగే ఇంట్లో దానిని ఊరికే తీయరాదు కాబట్టి, పెద్దల అనుమతితో అభిషేకం వేళ పిల్లవాడిని దగ్గర కూర్చోబెట్టాలి. మా నాన్నగారి నుంచి వచ్చినది కోడిగుడ్డు కంటే కొంచెం చిన్నది, నల్లగా నున్నగా ఉంటుంది, ఒక పక్కన చిన్న నోరు ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు దీపాన్ని ఆ నోటి దగ్గరకు తెచ్చి రాయిని కొద్దిగా వంచితే, లోపల చక్రం ఒంపు తిరుగుతూ, దాని మీద దువ్వెన పళ్లలాంటి గీతలు వరుసగా కనిపిస్తాయి. (అన్ని సాలగ్రామాలలోనూ చక్రం ఇలా బయటపడదు, యంత్రంతో చెక్కి అమ్మేవీ ఉన్నాయి, వాటితో ఈ పాఠం సాగదు.)

ముందుగా కథ చెప్పాలి. వజ్రకీటమనే పురుగు గండకీనదిలోని రాయిని తొలిచి లోపల ఈ చక్రాలను చెక్కిందని పెద్దలు చెబుతారు. ఆ వెంటనే శిలాజశాస్త్రం చెప్పేది చెప్పాలి. అది అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్ల ముద్ర. ఆ జీవి పెరుగుతున్నకొద్దీ ఒక గది వెనుక మూసి ముందు మరొక గది కట్టుకుంటూ పోయింది. చచ్చి బురదలో కూరుకుని రాయైంది. మన దేశాన్ని మోసే భూఫలకం (భూమి పైపొరలోని పెద్ద ముక్క) ఆసియాను గుద్దుకున్నప్పుడు ఆ సముద్రపు అడుగే హిమాలయాలతో పాటు పైకి లేచింది. ఇప్పుడు నేపాల్‌లో కాళీగండకి దానిని కోసి కిందికి తెస్తున్నది. ఇక్కడ కాసేపు ఆగడం మంచిది. ఆ గీతలను చూసి, ఇది రాయి తనంతట తాను చేసుకున్న బొమ్మ కాదు, ఏదో ప్రాణి పని అని కథ చెప్పినవారు గ్రహించారు. పురుగు బయటి నుంచి తొలిచిందన్నది మాత్రమే సరికాదు.

ఈ రెండు మాటలూ వినడం వల్ల మా వాడి భక్తి ఏమీ తగ్గలేదు. తులసిదళం తానే వేస్తానని పట్టుబట్టాడు. అమ్మోనైట్లు కూడా డైనోసార్లతో పాటే సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం అంతరించాయని చెప్పినప్పుడు వాడు రాయి వైపు చాలాసేపు చూసి, "అయితే ఇది డైనోసార్లను చూసిందా?" అని అడిగాడు. సముద్రంలో ఉండేది కాబట్టి నేల మీద తిరిగేవాటిని చూసి ఉండదనీ, అయితే అవి బతికిన రోజుల్లోనే ఇదీ బతికిందనీ చెప్పాను.