వినైల్ సైడింగ్‌కి పెయింట్ వేయొచ్చా? వేయొచ్చు, కానీ రంగు చూసుకుని

అమెరికాలో పాత ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు చాలామంది అడిగేది ఇదే, బయటి గోడలకి ప్లాస్టిక్ పలకలతో తొడిగిన వినైల్ సైడింగ్ వెలిసిపోయింది, మొత్తం పీకి కొత్తది వేయించాలంటే బోలెడు ఖర్చు, పెయింట్ వేస్తే నిలుస్తుందా అని. నిలుస్తుంది. న్యూజెర్సీలో మా ఇంటికి మేమే వేసుకున్నాం, నాలుగు చలికాలాలు గడిచాయి, ఎక్కడా పెచ్చు లేవలేదు.

ముందు రంగు సంగతి తేల్చుకోండి. వినైల్ అంటే పీవీసీ, మన ఇళ్లలో నీళ్ల పైపులు చేసే ప్లాస్టిక్కే. ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, 12 అడుగుల ప్యానెల్‌లో చలికాలానికీ ఎండాకాలానికీ అర అంగుళం తేడా రావచ్చు. అందుకే మేకులు బిగించకుండా వదులుగా కొడతారు. లేత సైడింగ్ మీద మామూలు పెయింట్‌తో ముదురు రంగు వేశారనుకోండి, వేడంతా లాగేసుకుని ప్యానెల్ ఉబ్బిపోతుంది, ఒకసారి ఉబ్బితే మళ్లీ చదునవ్వదు. మా వీధిలో ఒకాయన క్రీమ్ కలర్ ఇంటికి ముదురు నీలం వేయించాడు, మొదటి వేసవికే పడమటి గోడంతా అలలు అలలుగా లేచింది, పాపం ఆ గోడ వరకు సైడింగ్ మొత్తం మార్చుకోవాల్సొచ్చింది.

కాబట్టి ఉన్న రంగు లేదా అంతకంటే లేతది తీసుకోండి. షేడ్ వివరాల్లో ఎల్‌ఆర్‌వీ అని, ఆ రంగు ఎంత వెలుతురు తిప్పికొడుతుందో చెప్పే నంబర్ ఉంటుంది, నలుపు వైపు 0, తెలుపు వైపు 100, మీ పాత రంగు నంబర్ కంటే తగ్గకూడదు. ముదురు రంగే కావాలంటే వినైల్ కోసమే తయారుచేసిన షేడ్స్ ఉన్నాయి, షెర్విన్ విలియమ్స్ పెయింట్ కంపెనీలో వినైల్‌సేఫ్ అని అడగండి, బెంజమిన్ మూర్‌లోనూ వినైల్‌కి వేరే షేడ్స్ ఉన్నాయి. పెయింట్ మాత్రం 100 శాతం యాక్రిలిక్ ఎక్స్‌టీరియర్ లేటెక్సే, ఆయిల్ పెయింట్ వద్దు, అది గట్టిపడి సైడింగ్ సాగినప్పుడు పగిలిపోతుంది. హెచ్‌ఓఏ, అంటే మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం, ఉంటే పర్మిషన్ ముందే తీసుకోండి, సైడింగ్‌కి వారంటీ ఇంకా ఉంటే ఆ కాగితాలు కూడా చదవండి, పెయింట్ వేస్తే చాలావాటిలో వారంటీ పోతుంది.

ఇక కడగడం. అసలు పనంతా ఇక్కడే ఉంది. గోడ మీద అరచేత్తో ఒకసారి రుద్ది చూడండి, సున్నం గోడకి ఆనుకుంటే చొక్కాకి అంటుకున్నట్టు తెల్లటి పొడి అంటుతుంది. ఆ పొడి మీద పెయింట్ వేస్తే పెయింట్ పట్టేది పొడికే, గోడకి కాదు. మెత్తని బ్రష్‌తో సబ్బు నీళ్లు, ఉత్తరం వైపు పచ్చగా బూజు ఉంటే 7 పాళ్ల నీళ్లకి 3 పాళ్లు వైట్ వెనిగర్, కింద నుంచి పైకి రుద్దుతూ వెళ్లండి, లేకపోతే చారలు పడతాయి. ప్రెషర్ వాషర్ వాడితే తక్కువ ప్రెషర్‌తో, పైకి ఎక్కుపెట్టకుండా, లేదంటే నీళ్లు ప్యానెల్ వెనక్కి పోయి లోపల చెక్క నానుతుంది. ఆరాక మళ్లీ చెయ్యి రుద్దండి, ఇంకా పొడి వస్తే ఇంకోసారి కడగాలి, మేం ఎండ బాగా తగిలే గోడని మూడుసార్లు కడిగాం. అయినా గరుగ్గా, గుంటలుగా ఉంటేనే ప్రైమర్.

పగిలిన ప్యానెల్స్ ఉంటే జిప్ టూల్‌తో (ప్యానెల్ అంచు పట్టి లాగే కొక్కెం లాంటి పనిముట్టు) విప్పి ముందే మార్చేసుకోండి. ప్యానెల్స్ ఒకదాని మీద ఒకటి ఎక్కే చోట కాక్ (సందులు పూడ్చే పేస్టు) పెట్టకండి, అవి కదలాలి. కింద అంచున నీళ్లు కారడానికి చిన్న చిల్లులుంటాయి, అవీ పెయింట్‌తో మూసుకుపోకూడదు.

వేసే రోజు వాన ఉండకూడదు, 50 నుంచి 85 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే హాయి. ఎండ పడే గోడ మీద వేయకండి, నీడ ఎటు జరిగితే మీరూ అటు జరగండి. గాలన్ సుమారు 350 చదరపు అడుగులకి వస్తుంది, 1,800 చదరపు అడుగుల గోడకి రెండు పూతలంటే 10, 11 గాలన్లు పడుతుంది, అన్నీ పెద్ద బకెట్లో కలిపేసుకుంటే డబ్బాకీ డబ్బాకీ షేడ్ తేడా రాదు. పల్చగా రెండు పూతలు, ఒక్కో వరస ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఆపకుండా లాగాలి, మధ్యలో ఫోన్ వచ్చిందని ఆగితే ఆరాక అతుకు కనిపిస్తుంది. స్ప్రేయర్ వాడినా వెనకే ఒకళ్లు బ్రష్ తిప్పుతూ రావాలి.

మిగిలిన పెయింట్ పారేయకండి, మూత మీద షేడ్ నంబర్ రాసి బేస్‌మెంట్లో పెట్టుకోండి, గ్యారేజీలో పెడితే చలికి గడ్డకట్టి పాడవుతుంది.