కెనడాలో చదువు తర్వాత వర్క్ పర్మిట్: పీజీడబ్ల్యూపీకి పెట్టాలా, ఎల్ఎంఐఏకి వెళ్లాలా?

చివరి సెమిస్టర్‌లో ఉన్న మన పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "అన్నా, పీజీడబ్ల్యూపీకి పెట్టమంటారా? ఎవరో ఎల్ఎంఐఏ ఇప్పిస్తామంటున్నారు, అటు వెళ్లమంటారా?" అర్హత ఉంటే ముందు పీజీడబ్ల్యూపీయే. అది ఎందుకో, ఎలా పెట్టాలో, ఎక్కడ జారిపోతారో వివరంగా చెబుతాను.

పీజీడబ్ల్యూపీ అంటే పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్. ఇది ఓపెన్ పర్మిట్. చేతిలో ఉద్యోగం లేకపోయినా అప్లై చేయొచ్చు, నచ్చకపోతే కంపెనీ మారొచ్చు, వేరే ప్రావిన్స్‌కూ వెళ్లొచ్చు. ఎల్ఎంఐఏ అంటే విదేశీయుణ్ని పనిలో పెట్టుకోవడానికి యజమాని తెచ్చుకునే ప్రభుత్వ అనుమతి. ఆ దారిలో వచ్చేది క్లోజ్డ్ పర్మిట్. యజమాని పేరు, చేయాల్సిన పని, ఎక్కడ చేయాలో అన్నీ దాని మీదే రాసి ఉంటాయి. ఉద్యోగం పోతే కొత్త యజమానిని వెతుక్కుని మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. జీతం సరిగా ఇవ్వకపోయినా నోరు మెదపలేక నెలలు నెట్టుకొచ్చిన వాళ్లను దగ్గర్నుంచి చూశాను కాబట్టి, ఈ తేడాను చిన్నదిగా తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

అయితే పీజీడబ్ల్యూపీ జీవితంలో ఒక్కసారే ఇస్తారు. 8 నెలల లోపు కోర్సుకు అసలు రాదు. 8 నెలల నుంచి 2 ఏళ్ల లోపు కోర్సయితే కోర్సు ఎంత కాలమో పర్మిట్ గరిష్ఠంగా అంతకాలం. 2 ఏళ్లు, ఆపైన అయితే 3 ఏళ్లు. మాస్టర్స్ చేసిన వాళ్లకు 2024 ఫిబ్రవరి 15 నుంచి ఒక మేలు జరిగింది: కోర్సు 2 ఏళ్ల లోపే ఉన్నా, కనీసం 8 నెలలుంటే 3 ఏళ్ల పర్మిట్‌కు అర్హులే. ప్రైవేటు కాలేజీలో కూర్చుని ప్రభుత్వ కాలేజీ సర్టిఫికెట్ తీసుకునే ఒప్పందపు కోర్సుల్లో 2024 మే 15న గానీ, ఆ తర్వాత గానీ చేరిన వాళ్లకు మాత్రం ఈ పర్మిట్ లేదు. ఇక్కడికి రాకముందే, ఫీజు కట్టకముందే చూసుకోవాల్సిన విషయం ఇది.

2024 నవంబర్ 1 నుంచి భాషా పరీక్ష తప్పనిసరైంది. బ్యాచిలర్స్, మాస్టర్స్, పీహెచ్‌డీ వాళ్లకు సీఎల్‌బీ (ఇంగ్లిష్ ఎంత వచ్చో కొలిచే కెనడా స్థాయి) 7 కావాలి. అంటే ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగు విభాగాల్లోనూ 6 రావాలి. కాలేజీ డిప్లొమా వాళ్లకు సీఎల్‌బీ 5 చాలు. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. అడ్మిషన్ కోసం రాసిన ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ ఇక్కడ చెల్లదు. జనరల్ ట్రైనింగ్ రాయాలి, లేదంటే సెల్పిప్ జనరల్, పీటీఈ కోర్ రాయొచ్చు. ఫలితం వచ్చి 2 ఏళ్లు దాటకూడదు. చివరి సెమిస్టర్ మొదట్లోనే రాసేయండి. పరీక్షల హడావిడి పెరిగాక స్లాట్ దొరక్క కంగారు పడతారు.

2024 నవంబర్ 1న గానీ, ఆ తర్వాత గానీ స్టడీ పర్మిట్‌కు అప్లై చేసిన డిప్లొమా విద్యార్థులైతే కోర్సు విభాగం కూడా అర్హుల జాబితాలో ఉండాలి. అందులో కోర్సు పేరు కాకుండా సీఐపీ కోడ్ (కోర్సు ఏ విభాగానిదో చెప్పే నంబరు) చూస్తారు. మీ కోడ్ ఎంతో కాలేజీ వాళ్లను అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. బ్యాచిలర్స్, మాస్టర్స్, పీహెచ్‌డీ వాళ్లకు ఈ నిబంధన లేదు.

ఇక గడువు. కోర్సు పూర్తయినట్టు లెటర్ గానీ, ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్ గానీ, ఏది ముందు అందితే ఆ రోజు నుంచి 180 రోజులు. స్నాతకోత్సవం తేదీతో దీనికి సంబంధం లేదు. గౌను వేసుకుని ఫొటో దిగాక చూద్దాంలే అని ఆగకండి. ఎందుకంటే చదువు ముగిసిన 90 రోజులకు, మీ చేతిలోని కాగితం మీద ఇంకా గడువు కనిపిస్తున్నా, స్టడీ పర్మిట్ చెల్లకుండా పోతుంది. 180ని మర్చిపోయి, లెటర్ అందిన వారంలోనే పెట్టేయండి. దీనికి ఇంకో కారణం కూడా ఉంది. స్టడీ పర్మిట్ చెల్లుబాటులో ఉండగా దరఖాస్తు పెడితే, చదువుకునేటప్పుడు క్యాంపస్ బయట పనికి అర్హత ఉన్నవాళ్లు నిర్ణయం వచ్చేదాకా ఫుల్‌టైమ్ పని చేసుకోవచ్చు. చదువు అయిపోయి, దరఖాస్తు ఇంకా పెట్టని మధ్య రోజుల్లో మాత్రం పని చేయకూడదు.

దరఖాస్తు ఐఆర్‌సీసీ (కెనడా ఇమ్మిగ్రేషన్ శాఖ) వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. కెనడాలో ఉండి పెట్టేవాళ్లు నింపే ఫారం ఐఎంఎం 5710. పూర్తయినట్టు లెటర్, ట్రాన్స్‌క్రిప్ట్, భాషా ఫలితం, పాస్‌పోర్ట్ పేజీలు, ఫొటో జత చేయాలి. ఫీజు 155 డాలర్లు, ఓపెన్ పర్మిట్‌కు మరో 100, మొత్తం 255. బయోమెట్రిక్స్ అడిగితే 85 అదనం. చివరి సెమిస్టర్ కాకుండా మధ్యలో ఎప్పుడైనా పార్ట్‌టైమ్ చదివినా, సెలవు తీసుకున్నా కారణం ఒక లెటర్‌లో రాసి ఆధారాలతో పెట్టండి. ఆసుపత్రిలో, బడిలో, పిల్లల సంరక్షణలో పని చేయాలనుకుంటే మెడికల్ పరీక్ష కూడా చేయించుకోండి. లేకపోతే ఆ పనులు చేయకూడదనే షరతుతో పర్మిట్ రావచ్చు.

పాస్‌పోర్ట్ గడువు ముందే చూసుకోండి. ఇది నా అనుభవం. నాకు 3 ఏళ్లు రావాలి. పాస్‌పోర్ట్‌కు ఏడాదిన్నర కూడా మిగల్లేదని గమనించకుండా పెట్టేశాను. పర్మిట్ పాస్‌పోర్ట్ ముగిసే రోజు వరకే వచ్చింది. కొత్త పాస్‌పోర్ట్ తీసుకుని, మిగిలిన కాలానికి మళ్లీ కాగితాల మీద దరఖాస్తు, మళ్లీ ఫీజు, నెలల తరబడి టెన్షన్. అప్లై చేయకముందే పాస్‌పోర్ట్ రెన్యువల్ చేసుకోండి.

ఎల్ఎంఐఏ అంటే లేబర్ మార్కెట్ ఇంపాక్ట్ అసెస్‌మెంట్. ఈ పనికి స్థానికులెవరూ దొరకలేదని యజమాని ప్రభుత్వానికి చూపించి తెచ్చుకునే అనుమతి ఇది. ఆ ఫీజు, ఒక్కో పోస్టుకు 1000 డాలర్లు, యజమానే కట్టాలి. మీ దగ్గర వసూలు చేయడం చట్టవిరుద్ధం. అనుమతి వచ్చాక ఆ నంబరు, ఆఫర్ లెటర్, ఒప్పందం జత చేసి మీరు 155 డాలర్లతో పర్మిట్‌కు అప్లై చేస్తారు. నేరుగా ఇండియా నుంచి వచ్చే అనుభవజ్ఞులకు ఇదొక సరైన దారే. సాఫ్ట్‌వేర్ లాంటి కొన్ని వృత్తులకు గ్లోబల్ టాలెంట్ స్ట్రీమ్ కింద త్వరగా చూస్తారు. తక్కువ జీతపు ఉద్యోగాలకు మాత్రం దారి ఇరుకైంది. 2024 సెప్టెంబర్ 26 నుంచి, నిరుద్యోగం 6 శాతం లేదా అంతకు మించి ఉన్న పెద్ద నగర ప్రాంతాల్లో కొన్ని రంగాలు మినహా ఆ దరఖాస్తులను తీసుకోవడమే లేదు.

పీఆర్ (శాశ్వత నివాసం) పాయింట్ల ఆశ చూపించి వేల డాలర్లకు ఎల్ఎంఐఏ అమ్మేవాళ్లున్నారు. 2025 మార్చి 25 నుంచి పాయింట్లను బట్టి పీఆర్‌కు ఎంపిక చేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో జాబ్ ఆఫర్‌కు పాయింట్లే లేవు. దయచేసి ఇంట్లో అప్పు చేయించి ఆ డబ్బు వాళ్లకు కట్టకండి. కెనడాలో అయినా, హైదరాబాద్‌లో అయినా, విజయవాడలో అయినా డబ్బు తీసుకుని సలహా ఇచ్చే కన్సల్టెంట్‌కు లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సులిచ్చే సీఐసీసీ వెబ్‌సైట్‌లో పేరు కొడితే ఉందో లేదో తెలుస్తుంది.

పీఆర్‌కు పనికొచ్చేది ఇక్కడి ఉద్యోగ అనుభవమే. ఆ అనుభవంతో పీఆర్ ఇచ్చే కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌కు టీర్ (చదువు, శిక్షణను బట్టి ఉద్యోగాలకు కెనడా ఇచ్చే వర్గం) 0 నుంచి 3 లోపు పనిలో కనీసం ఏడాది, అంటే 1560 గంటలు కావాలి. ఫుల్‌టైమ్ చదువుతూ చేసిన పని అందులోకి రాదు. కాబట్టి పర్మిట్ చేతికి రాగానే సర్వీస్ కెనడాలో సిన్ (ఉద్యోగానికి కావాల్సిన సోషల్ ఇన్సూరెన్స్ నంబరు) గడువు మార్పించుకుని, టీర్ చూసుకుని ఉద్యోగం వెతకండి. పీఆర్ దరఖాస్తు పెట్టాక అది సంపూర్ణంగా ఉందని అధికారులు తేల్చిన తర్వాత, పీజీడబ్ల్యూపీ ముగిసేలోపు బ్రిడ్జింగ్ ఓపెన్ వర్క్ పర్మిట్‌కు పెట్టొచ్చు. ఆ దరఖాస్తు కూడా పాత పర్మిట్ చివరి రోజు లోపే వెళ్లాలి.