గబ్బిలాల మెదళ్లు పోల్చే ముందు చుట్టరికం చూడండి

ఎం.వి.పి. కాలనీలో మా ప్రహరీ మీద పొద్దున లేచేసరికి కొరికి పడేసిన బాదంకాయలు కనిపిస్తాయి. గుజ్జంతా గీరేసి, పీచు మాత్రం మిగిల్చి వెళ్తాయి గబ్బిలాలు. వాటి మీదే ప్రాజెక్టు చేస్తోంది నా దగ్గరకు జువాలజీ ట్యూషన్‌కొచ్చే అమ్మాయి. మొన్న గ్రాఫ్ తెచ్చి, "పండ్లు తినేవాటికే మెదడు పెద్దది, తేలిపోయింది మేడమ్" అంది.

తేలలేదు. మీరూ అలాంటి గ్రాఫ్ గీస్తుంటే ఇలా చేయండి.

మెదడు బరువుల్ని నేరుగా పోల్చకండి. మన పెద్ద పండ్ల గబ్బిలం కిలోన్నర దాకా తూగుతుంది, ట్యూబులైటు చుట్టూ తిరిగే చిన్నది పది గ్రాములు కూడా ఉండదు. పైగా ఒళ్లు పెరిగినంత వేగంగా మెదడు పెరగదు. అందుకే మెదడు, ఒళ్లు రెండు బరువులకూ లాగ్ (లాగరిథమ్) తీసి, జాతికో చుక్క పెట్టి, వాటి మధ్యగా గీత గీయండి. ఒక్కో చుక్క ఆ గీతకు ఎంత పైన, ఎంత కింద ఉందో, అదే చూడాల్సింది.

ఇప్పుడు తిండిని బట్టి రంగులు వేయండి. పండ్లవి పైన కనిపిస్తాయి. చాలామంది ఇక్కడే పెన్ను మూసేస్తారు. ఆగండి. తాటాకు కింద వేలాడేదీ, బొర్రా గుహల్లోదీ, ఆ కిలోన్నరదీ టెరోపోడిడే అనే ఒకే కుటుంబం. ఒకే తాను ముక్కలు. పెద్ద మెదడు వాటన్నిటికీ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చి ఉండొచ్చు, అందుకే నలభై జాతులు పెట్టినా దాదాపు ఒక్క సాక్ష్యమే. పురుగులు తినేవన్నీ ఒక కుటుంబం అనుకోవడమూ పొరపాటే. గుర్రపునాడా గబ్బిలం పురుగులే తింటుంది, కానీ డీఎన్‌ఏ ప్రకారం మిగతా పురుగుల గబ్బిలాల్లో చాలావాటి కంటే పండ్లవాటికే దగ్గరి చుట్టం.

"ఏటి మేడమ్, రెండ్రోజులు గీశాను!" అంది పాపం.

రెండో సాక్ష్యం కోసం అమెరికా ఖండాల ఫిల్లోస్టోమిడే కుటుంబానికి వెళ్లండి. వాటి పూర్వీకులు పురుగులు తినేవి. తర్వాత కొన్ని శాఖలు పండ్లకీ, తేనెకీ, ఒకటి రక్తానికీ మళ్లాయి. అక్కడా పండ్లు తినేవాటి మెదడు పెద్దదే, రక్తం తాగేవాటిదీ పెద్దదే. కాబట్టి పండులోని తీపికే మార్కులన్నీ వేయకండి.

లెక్కకు 1985లో జీవశాస్త్రవేత్త జో ఫెల్సెన్‌స్టైన్ చూపిన దారి పట్టండి: వంశవృక్షంలో పక్కపక్క కొమ్మల మధ్య తేడాలు తీసి, ఆ తేడాలనే పోల్చాలి. గణాంకాలకు వాడే ఆర్ (R) సాఫ్ట్‌వేర్‌లో నిమిషం పని. ఆ వంశవృక్షాన్ని అందులోకి సరిగ్గా ఎక్కించడానికే సాయంత్రం పోతుంది.

ఇంకో మాట. మెదడు పెరగడమే కాదు, తగ్గడమూ ఉంది. ఆరుబయట వేగంగా ఎగిరే శాఖల్లో అది చిన్నదైందని 2005లో ఒక పరిశోధన వాదించింది. అందుకే "పెరిగింది" అని రాసే ముందు, అవతలిది తగ్గిందేమో చూడండి.

ఆ అమ్మాయి "తేలిపోయింది" కొట్టేసి, పక్కన పెన్సిల్‌తో ఫిల్లోస్టోమిడే అని రాసుకుంది. స్పెల్లింగ్ మూడుసార్లు అడిగింది.