కుట్లు మానాయి కదా అని వదిలేయకండి

మా పెద్దమ్మ ఊరికి బయల్దేరితే సంచిలో ముందు పాత చీర ముక్కలు మడిచి పెట్టుకునేది. తుమ్ము వస్తే మూత్రం పడిపోతుందని గోడ పట్టుకుని, కాళ్ళు దగ్గరికి నొక్కుకుని నిలబడిపోయేది. రెండో కాన్పు నుంచీ అంతేనట. ముప్ఫై ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. "పిల్లల్ని కన్నాక ఇవన్నీ మామూలేనమ్మా" అనేది. మామూలు కాదు. మూత్రసంచినీ గర్భసంచినీ కింద నుంచి మోసే అడుగు కండరాలు కాన్పులో చిరిగినా, సాగిపోయినా వచ్చే బాధ అది. దానికి వైద్యం ఉంది. పురిటికి పుట్టింటికి వచ్చే అమ్మాయిలూ, వాళ్ళ అమ్మలూ ఇది చదవాలని రాస్తున్నాను.

నెలలు నిండకముందే డాక్టరుతో మాట్లాడండి. అందరికీ యోనిద్వారం దగ్గర కోత పెట్టి కుట్లు వేయక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. బిడ్డను బయటికి తేవడానికి పొట్ట మీద బలంగా నొక్కడం కూడా వద్దనే చెప్పింది. కాన్పయ్యాక ఎంతవరకు చిరిగింది, మలద్వారం కండరం దాకా వెళ్ళిందా అని అడిగి, డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. మళ్ళీ కాన్పు వచ్చినప్పుడు ఆ కాగితం చాలా అవసరం. ఆరు గంటలైనా మూత్రం రాకపోతే నర్సుకు చెప్పండి, ఓర్చుకోవద్దు.

అసలు చిక్కు ఇంటికి వచ్చాకే. బాలింతకు నీళ్ళు ఎక్కువిస్తే పొట్ట వస్తుందని, కూరలు పెడితే బిడ్డకు పడదని కారప్పొడి అన్నంతో సరిపెడతారు. దాంతో మలబద్ధకం. ముక్కితే ఆ ఒత్తిడంతా పచ్చి కుట్ల మీద, నలిగిన కండరాల మీద పడుతుంది. పాలిచ్చే తల్లికి దాహమైనప్పుడల్లా నీళ్ళివ్వండి. బీరకాయ, సొరకాయ, ఆకుకూరలు పెట్టండి. అమ్మమ్మ ఒప్పుకోకపోతే డాక్టరు చేత చెప్పించండి, వింటుంది. నడుముకు గుడ్డ ఊపిరాడనంత బిగించి కట్టొద్దు. నీళ్ళ బిందె, గ్యాస్ బండ ఆరు వారాలు ముట్టుకోనివ్వద్దు.

మూత్రం గొట్టం తీసేశాక, నొప్పి లేకపోతే ఆ అడుగు కండరాలకు వ్యాయామం మొదలుపెట్టొచ్చు. గ్యాస్ ఆపుకుంటున్నట్టు లోపలికి బిగించి, అయిదు లెక్కపెట్టి, నెమ్మదిగా వదలాలి. పదిసార్లు, రోజుకు మూడు పూటలు, కనీసం మూడు నెలలు. ఊపిరి బిగబట్టకూడదు, పిరుదులు బిగించకూడదు. బిడ్డకు పాలిస్తూ కూడా చేసుకోవచ్చు.

జ్వరం, కుట్ల దగ్గర చీము, ప్యాడ్ గంటలోనే తడిసిపోయేంత రక్తం, రాత్రీపగలూ ఆగకుండా మూత్రం కారడం, వీటిలో ఏది ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఆరో వారం టీకాకు బిడ్డను ఎలాగూ తీసుకెళ్తారు, ఆ రోజే తల్లినీ చూపించండి.

ఇంకో సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎక్కువున్న రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ముందున్నాయి. గర్భసంచి తీసేసినంత మాత్రాన మూత్రం పడటం ఆగదు. జారిన గర్భసంచికీ దాన్ని పైకి ఆపేలా లోపల పెట్టే రింగు, వ్యాయామం, తీయకుండా సరిచేసే ఆపరేషన్ ఉన్నాయి. వెంటనే తీయించేయమంటే ఇంకో డాక్టరుకు చూపించుకోండి.

డాక్టరు దగ్గర సిగ్గుపడి "కింద బాగాలేదండీ" అంటే వాళ్ళకు అర్థం కాదు. "దగ్గితే మూత్రం పడుతోంది", "గ్యాస్ ఆగడం లేదు", "ఏదో కిందికి జారినట్టు ఉంది", "కలిసినప్పుడు నొప్పిగా ఉంది" అని ఉన్నదున్నట్టు చెప్పండి. నోట రాకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి.