పాత డబ్బా మానిటర్‌లో బొమ్మ ఒక్క గీతైపోతే

అనంతపురం ఎండనీ దుమ్మునీ ఇన్నేళ్లు తట్టుకున్న మా డబ్బా మానిటర్‌లో మొన్న బొమ్మంతా నడిమధ్య ఒక్క తెల్లగీతగా కుంచించుకుపోయింది. మీకూ ఇలాగే అయితే పారేయకండి, పిక్చర్ ట్యూబు బాగానే ఉంది, బొమ్మను నిలువుగా సాగదీసే వర్టికల్ సెక్షన్ ఆగింది, అంతే. ఆన్‌లో మాత్రం ఉంచొద్దు, ఆ గీత తెర మీద మచ్చపడేలా కాలుస్తుంది.

ప్లగ్ పీకినా ట్యూబులో 20 వేల వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు, ఇక్కడ హీరోయిజం వద్దు. ఒక రోజు వదిలేసి, ఆ తర్వాత ఇన్సులేషన్ ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్‌కు వైరు చుట్టి, రెండో కొసను ట్యూబు వెనక జడలా ఉండే ఎర్త్ తీగకు బిగించి, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, మొనను ట్యూబు మీద లావు వైరు చేరే చోట ఉండే రబ్బరు టోపీ కిందికి దూర్చండి. కాసేపాగి మళ్లీ ఒకసారి. పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్‌ను (కరెంటును నిల్వ ఉంచే డబ్బాలాంటి భాగం) మల్టీమీటర్‌తో చూడండి, అందులోనూ 300 వోల్టులకు పైగా ఉండొచ్చు. ఇదంతా చదివి భయమేస్తే మెకానిక్‌కే ఇవ్వండి, తప్పేం లేదు.

బోర్డు తిప్పి, హీట్‌సింక్‌కు (వేడి లాగే లోహపు రేకు) బిగించిన వర్టికల్ ఐసీ, అంటే ఆ సెక్షన్‌ను నడిపే చిప్, కాళ్లను భూతద్దంతో చూడండి. టంకం చుట్టూ ఉంగరంలా సన్నటి పగులుంటే పాత టంకం లాగేసి కొత్త టంకం పెట్టండి. మా దాంట్లో పగుళ్లున్నది రెండు కాళ్ల దగ్గరే! పక్కన కెపాసిటర్ ఉబ్బి ఉంటే అదే మైక్రోఫారడ్, అంతే లేదా ఎక్కువ వోల్టేజ్, 105 డిగ్రీల వేడి దాకా తట్టుకునేది వేయండి, చార ఉన్న వైపు మైనస్.